ఆదెయ్య తిరిగిచ్చిన టెంకాయ

చిట్టమూరు దాటి తూర్పుకు వస్తే రోడ్డు ఎక్కడ ఇసుకలో కలిసిపోతుందో అదే మా మొగలిదిబ్బ. ఇక్కడ పుట్టిన ప్రతివాడూ గాలి గురించి మాట్లాడగలడు. నేనూ మాట్లాడతాను, నాది ఐసు వ్యాపారం అయినా సరే. కానీ ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం ఒక్క మనిషి మాటే చెల్లుతుంది. ఆయన ఆదెయ్య మామ. నాకు చుట్టరికమేమీ లేదు. ఊళ్ళో సగం మందికి ఆయన మామే.

ఆ సాయంత్రం వైశాఖ పున్నమి. మా గంగమ్మ తిరునాళ్ళ. సముద్రంలో వేట నిషేధించిన నెలలు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉంటారు, తగువులకు కొదవ ఉండదు. పగలు పొంగళ్ళు, చీకటి పడ్డాక బాణసంచా. ఆ బాణసంచా కోసం నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి ఆటోల్లో, బైకుల మీద, పిల్లాజెల్లాతో జనం వస్తారు. దీపావళికి ఒక్క టపాకాయ కాల్చని వాళ్ళు కూడా ఈ ఎండల్లో ఇంత దూరం వచ్చి, ఇసుకలో తువాళ్ళు పరుచుకుని, మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూస్తారు.

బాణాలు కాల్చేది గుడి వెనక దిబ్బ మీద. దిబ్బకు పడమర వైపు ఉప్పు పేరిన బీడు, మేం పర్ర అంటాం, అక్కడ అంటుకోవడానికి గడ్డిపోచ కూడా లేదు. తూర్పు వైపు పడవలు, డీజిల్ క్యాన్లు, ఊరందరి వలలూ దాచుకునే తాటాకు పాకలు. సముద్రపు గాలి వీస్తే రవ్వలు పర్ర మీద పడి ఆరిపోతాయి. పడమటి గాలి వీస్తే మాత్రం మా బతుకుల మీదే పడతాయి. ఇంకో చోటికి మారుద్దామంటే ఉత్తరాన సరుగుడు చెట్ల సర్వి తోట, దక్షిణాన కాలవ బురద.

అందుకని గాలి చూడాలి. ఆదెయ్య మామ గాలిని వీపుతో చూస్తాడు. చొక్కా విప్పి, నాలుగు చెంబుల నీళ్ళు వీపు మీద పోయించుకుని, సముద్రానికి వీపు పెట్టి నిలబడతాడు. వీపులో ఏ పక్క ముందు ఆరుతోంది, మెడ దగ్గరా, నడుం దగ్గరా, ఆరింది మళ్ళీ చెమరుస్తోందా, ఇవన్నీ చూసుకుంటాడట. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ తరవాత కమిటీ సెక్రటరీ ఆయన చేతికి టెంకాయ ఇస్తాడు. ఆయన దాన్ని రాయి మీద కొడితేనే మొదటి బాణం లేస్తుంది. పదహారేళ్ళుగా ఆ సెక్రటరీని నేను. ఇస్తూ వచ్చాను, ఆయన కొడుతూ వచ్చాడు. అది ఆయన పని అనీ, నాది మైకు పట్టుకోవడం అనీ అనుకున్నాను.

పోయినేడు ఆయన టెంకాయ కొట్టలేదు.

దిబ్బ మీద అంతా సిద్ధంగా ఉంది. బాణాలు కట్టే కామాక్షయ్య సూళ్లూరుపేట నుంచి రెండు రోజుల ముందే వచ్చి వెదురు బొంగులు పాతేశాడు. ఒడ్డు పొడుగునా తలలే. గాలి చల్లగా సముద్రం మీది నుంచే వస్తోంది, నా లుంగీ అంచు కూడా పడమరకే ఎగురుతోంది. మామ వీపు మీద నీళ్ళు పోయించుకున్నాడు, నిలబడ్డాడు. మళ్ళీ పోయించుకున్నాడు. మళ్ళీ నిలబడ్డాడు.

"ఏం మామా, ఎట్టుంది?" అన్నాను.

"తెలీడంలా."

"తెలీకపోవడమేంది? ఇంత సల్లగా తగలతా ఉంటే."

"తగలతా ఉండాది. నిలబడతాదో లేదో నా వీపుకు తెలీడంలా, చిన్నబాబూ."

నేను తొందరపడి ఇచ్చిన టెంకాయను తిరిగి నా చేతిలోనే పెట్టి, చొక్కా తొడుక్కున్నాడు.

మాకు అనుమతి ఆ ఒక్క రాత్రికే. అదీ పది గంటల లోపే. రేపు చూద్దామనడానికి లేదు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, కమిటీ వాళ్ళని పిలిపించాను. ఆయన దిబ్బ దిగి పాకల వైపు వెళ్ళి కూర్చున్నాడు. టెంకాయ కొట్టకుండా బాణం వెలిగించే ధైర్యం మాలో ఎవరికీ లేదు. తొమ్మిదిన్నరకు మైకు తీసుకుని, "గాలి అనుకూలంగా లేనందువల్ల ఈ ఏడు బాణసంచా రద్దు చేస్తున్నాం" అని చెప్పాను. ఆ మాట చెబుతున్నప్పుడు అదే గాలి జనం జుట్టును హాయిగా రేపుతోంది. ఎవరు నమ్ముతారు? ఈలలు, కేకలు. ఒకడు నీళ్ళ ప్యాకెట్ విసిరితే మామ భుజానికి తగిలింది. ఆయన తుడుచుకోలేదు.

మా మిద్దెల మీదికెక్కితే శ్రీహరికోట రాకెట్లు కనిపిస్తాయి. చివరి నిమిషంలో ఆపేసినప్పుడు కూడా చూశాం. అప్పుడు ఊరంతా, "పెద్ద చదువులు చదివినోళ్ళు, ఏదో చూసుంటారులే" అని దిగి అన్నాలు తిన్నది. మా మామ ఆపితే నీళ్ళ ప్యాకెట్. ఆయన చదివింది వాళ్ళ నాన్న దగ్గర కదా, దానికి సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు ఇంత తెలివిగా రాస్తున్నాను కానీ, ఆ రాత్రి ఆ ప్యాకెట్ విసిరినవాడిని నేను ఒక్క మాట కూడా అనలేదు.

కామాక్షయ్య మాత్రం విసుక్కోకుండా బాణాలన్నీ వ్యానులోకి ఎక్కించుకున్నాడు. నేను క్షమాపణ చెప్పబోతే రెండు చేతులూ నా మొహం ముందు చాపాడు. "పది వేళ్ళూ ఉండాయి చూడు. మా పనిలో ఈ వయసుకి పది ఉండేది తక్కువ. వద్దనేవాడు ఉన్న చోటికే నేను పనికి పోతాను" అన్నాడు. నాకు ఆ మాట తలకెక్కలేదు.

ఎందుకంటే తెల్లవారినా సముద్రపు గాలే వీస్తోంది. రాత్రంతా ఒక్కసారి కూడా తిరగలేదు. పొద్దున్నే ఆయన ఇంటికి పోయి వాకిట్లోనే నిలబడి దులిపేశాను. వయసైపోయిందన్నాను. వీపు మొద్దుబారిందన్నాను. "ఇంక ఇంట్లో కూర్చో మామా, గాలి సంగతి ఫోన్లు చూసుకుంటాయి" అన్నాను. ఆయన పళ్ళు తోముకుంటూ అంతా విన్నాడు. "గాలి తిరగలా. నిజమే" అన్నాడు. అంతే. ఆ ఒక్క ముక్కతో నాకు ఇంకా మండింది.

నిషేధం ఎత్తేసి పడవలు పోయిన వారానికి ఆయన భార్య పేరమ్మ నా ఐసు డిపోకి వచ్చింది. చేపల గంపతో చిట్టమూరు పోయి అమ్ముకునే మనిషి. రోజూ వచ్చేదే. ఆ రోజు ఐసు తీసుకున్నాక కూడా నిలబడింది. కొంగులోంచి ఒక గుడ్డ మూట తీసి బల్ల మీద విప్పింది. జానెడు వెదురు పుల్ల. ఒక చివర నల్లగా కాలి ఉంది, దానికి బాణం కట్టిన దారం ఇంకా చుట్టుకుని ఉంది.

"పెంచల్ వాళ్ళ వలల పాక కాలింది గెవనముందా?" అంది.

ఎందుకు లేదు. పదకొండేళ్ళ కిందట, తిరునాళ్ళ రాత్రే. బాణసంచా బ్రహ్మాండంగా జరిగిన ఏడు. జనం వెళ్ళిపోయాక పాక అంటుకుని, పెంచల్ కొత్తగా తెచ్చుకున్న వల మసైపోయింది. ఎవరో బీడీ పారేసుంటారని అనుకున్నాం. అనుకోవడమేమిటి, ఆ మాట మొదట అన్నది నేనే.

"బీడీ కాదబ్బయ్యా. తెల్లారి మా ఆయన బూడిద కెలికితే ఇది దొరికింది. ఆ పొద్దు గాలి సంగతి ఆయనకి తెలీలేదంట. ఎవరో చెవి దగ్గిర, 'ఏం కాదు మామా, జనం చూస్తా ఉండారు, కొట్టెయ్' అన్నారంట. కొట్టేసినాడు. ఆ తరవాత ఈ పుల్లని ఇంటి కప్పులో దోపి పెట్టుకున్నాడు. రోజూ నిద్ర లేస్తే అదే కనపడతాది."

పేరమ్మ పుల్లని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"ఆ మాట చెప్పింది ఎవరో ఆయన నాకు చెప్పలా. నేనూ గుచ్చి గుచ్చి అడగలా. నువ్వు సెక్రటరీవి కదా, ఆ పొద్దు పక్కనే ఉండుంటావు. నువ్వేమన్నా చూసినావా?"

నేను ఐసు మీంచి రాలిన రంపపు పొట్టు ఊడుస్తున్నట్టు వంగాను. చూడలేదన్నాను. ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కొట్టెయ్ అన్న నా మాట పదకొండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాకు అది ఏడాదికి ఇరవైసార్లు ఎవరితోనో ఒకరితో అనే మాట. అదీ నన్ను ఎక్కువగా సిగ్గుపడేలా చేసింది. ఆ ఏడు నిషేధం నెలల్లోనూ, మరుసటి ఏడు నిషేధం నెలల్లోనూ మామ పెంచల్ వాకిట్లో కూర్చుని కూలీ లేకుండా వల అల్లేవాడు. నేను బండి మీద పోతూ, "ఏం మామా, పెంచల్‌కి పిల్లనిస్తా ఉండావా ఏంది?" అని నవ్వేవాడిని. ఆయనా నవ్వేవాడు. నేనే ఆ వల అల్లిస్తున్నానని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఎవరికీ చెప్పని మనిషి నాకైనా చెప్పి ఉండాల్సింది. కనీసం నేను వాకిట్లో నిలబడి దులిపిన రోజైనా నా మొహాన కొట్టినట్టు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ మర్యాద నాకు దెబ్బకంటే గట్టిగా తగిలింది.

ఏడాదంతా ఆ టెంకాయ మా దేవుడి గూట్లోనే ఉంది. అమ్మవారి ముందు పెట్టి వెనక్కి వచ్చింది కాబట్టి మా ఆవిడ కూరలో వెయ్యనంది. నీళ్ళు ఇంకిపోయి, ఊపితే లోపల గుండు కదిలిన చప్పుడు.

ఈ ఏడు తిరునాళ్ళకు కమిటీ కూర్చుంది. మామను పిలవలేదు. ఇక గాలి ఫోన్లో చూసుకుందామని అందరూ ఒక మాట మీదికి వచ్చేశారు. అంటే ఆయన పని పోయినట్టే. ఇక ఆ ఒడ్డున ఆయన పిచ్చి ముసలాయనగా మిగలడమే. పెంచల్ కూడా ఒక మూల కూర్చుని ఉన్నాడు. నేను లేచి నిలబడ్డాను. మైకు లేకుండా నాకు మాట రాదని వెక్కిరిస్తారు, నిజంగానే రాలేదు. తడబడుతూనే చెప్పాను. బీడీ కాదు, బాణం అన్నాను. మామ తెలియదంటున్నా చెవి దగ్గర కొట్టెయ్ అన్నది నేనే అన్నాను. ఆయన పోయినేడు ఆపింది ఆ రోజు ఆపలేకపోయినందుకే అన్నాను.

అందరూ పెంచల్ వైపు చూశారు. వాడు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ వల ఇంకా ఏస్తానే ఉండా. మామ ముడేసిన కన్ను ఒక్కటి కూడా తెగలా" అన్నాడు. "టెంకాయ మామకే ఇయ్యండి."

నేనే వెళ్ళి పిలిచాను. కమిటీలో ఏం చెప్పానో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది, మాటలకు మా ఊళ్ళో గోడలన్నీ తాటాకువే. "వస్తాలే" అన్నాడు. పేరమ్మ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆమె కళ్ళలోకి చూడకుండా తాగాను.

పున్నమి సాయంత్రం పోయినేటి కంటే జనం ఎక్కువ వచ్చారు. ఈసారైనా జరుగుతుందా లేదా అని పందేలు కాసుకునేవాళ్ళు కూడా వచ్చారు. కామాక్షయ్య బొంగులు పాతి కొరివి పట్టుకుని నిలబడ్డాడు. నేనే చెంబుతో మామ వీపు మీద నీళ్ళు పోశాను. ఎండకు పొలుసులు లేచిన వీపు, ఎముకలు తేలాయి. ఆయన సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. గాలి ఉన్నట్టే ఉంది, మళ్ళీ లేనట్టే ఉంది. జనం ఈల వేశారు. కొత్త టెంకాయ నా చేతిలో చెమటకు జారిపోతోంది.

ఎప్పుడూ అడగనివాడు నన్ను అడిగాడు. "ఎట్టుందిరా చిన్నబాబూ?"

నోటి చివరి దాకా ఏదో ఒకటి వచ్చింది, అలవాటు కదా. మింగేశాను.

"నాకు తెలీదు మామా."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు.

"ఈ మాట నేర్చుకునేదానికి నేను ఒక వలంతా అల్లాల్సొచ్చింది" అన్నాడు. తరవాత చెంబు వైపు చెయ్యి చూపించాడు. "ఇంకోసారి పొయ్యి."

పోశాను. తరవాత మైకు తీసుకుని జనానికి ఉన్నదున్నట్టు చెప్పాను. గాలి ఎలా ఉందో మాకు ఇంకా తెలియలేదని, తెలిసేదాకా కాల్చబోమని, తెలియకపోతే ఈ ఏడూ కాల్చబోమని. కొందరు తిట్టుకుంటూ లేచి బైకుల దగ్గరికి పోయారు. చాలామంది కూర్చున్నారు. నేను మైకు ఆపేసి, టెంకాయ ఒళ్ళో పెట్టుకుని, మామ కాళ్ళ పక్కన ఇసుకలో కూర్చుని ఆయన వీపు ఆరడం చూస్తూ ఉన్నాను.