మొగులయ్యకిచ్చిన స్టూలు

వెలిమెల మొగులయ్య తండ్రి బతుకంతా దొర గడీ ముందు నిలబడే గడిపాడు. కబురొస్తే చాలు, చెప్పులు చేత్తో పట్టుకొని వాకిట్లో నిలబడాలి. లోపల దొర తింటున్నాడో పడుకున్నాడో అడగకూడదు. కూర్చుంటే తప్పు. అందుకే అరవై నాలుగులో పటాన్‌చెరు దిక్కున పంపుల కార్ఖానా పడి, పోయిన భూమికి బదులు ఇంటికో కొలువన్నప్పుడు తల్లి ఏడ్చింది గానీ మొగులయ్య ఏడవలేదు.

"గక్కడ దొర లేడే. పని జేస్తే జీతమిస్తరు, గంతే" అన్నాడు భార్య సోమమ్మతో. పిచ్చి మారాజు, నిజంగానే నమ్మాడు.

నాలుగేళ్లు బాగానే గడిచాయి. ఒకరోజు క్రేను గొలుసు తెగి, పంపుకోసం పోతపోసిన ఇనుప దిమ్మ వచ్చి ఎడమకాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు. కర్రకాలు తగిలించుకొని తిరిగొస్తే డ్రిల్లింగు మిషను మీద వేశారు. బెజ్జాలు వేయడానికి కాలితో పనేముంది? చేతులు బాగున్నాయి, చూపు బాగుంది, పని అతనికి నచ్చింది. కాకపోతే పొద్దంతా నిలబడాలి. సాయంత్రానికి కర్రకాలి పట్టీ ఒరిసి చర్మం కోసుకుపోయి, లోపల చుట్టిన గుడ్డ నెత్తుటితో తడిసేది.

సోమమ్మ ఆ గుడ్డ ఉతుకుతూ, "డాక్టరు చెప్పింది మర్సినవా? పుండు పైకి పాకితే మోకాలు గూడ తీస్తరట. జెర కూసుండనీకె ఏమన్న అడుగు" అంది.

అడిగాడు. మేనేజరు మంచి మూడ్‌లో ఉన్నాడేమో, సరేనన్నాడు. వెల్డరు నరసింహమూర్తి గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. తుక్కు ఇనుము ఏరి, మిషను ఎత్తుకు సరిపోయేటట్టు స్టూలు చేసిచ్చాడు.

"కూర్చుని చూడవయ్యా. చాలకపోతే ఇంకో అంగుళం అతుకుతాను" అన్నాడు.

మొగులయ్య కూర్చున్నాడు. కాలి మీద బరువు పోగానే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక మోకాలు దక్కినట్టే అనుకున్నాడు.

కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ? ఆ షెడ్డుకు పూజారి సూపర్వైజరు రాజారావు. ఇస్త్రీ నలగని తెల్లప్యాంటు, వెనక్కి కట్టుకున్న చేతులు, వచ్చానని చెప్పడానికి గొంతు సవరించుకోవడం. మొదటి రోజే స్టూలు దగ్గర ఆగాడు.

"ఏమయ్యా, నేనొస్తుంటే కూర్చునే ఉన్నావే?"

"కాలు బాగలేదనే గద సారు, స్టూలిచ్చిన్రు."

"కూర్చోవద్దని ఎవరన్నారు? హాయిగా కూర్చో. ఆఫీసర్లు వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడు. మర్యాద అనేది ఒకటుంటుంది."

చూశారా ఆ మర్యాద? లేవాలంటే మిషను ఆపాలి, బల్ల పట్టుకోవాలి, కర్రకాలు చాపి బరువంతా పట్టీ మీద మోపాలి. రాజారావు టీకి వెళ్లేటప్పుడు లేవాలి, కిళ్లీ నములుతూ తిరిగొచ్చేటప్పుడు లేవాలి, ఫోనుకి పోయినా లేవాలి. మధ్యలో వచ్చిపోయే ఇంజనీర్లు సరేసరి. పొద్దంతా నిలబడితే ఒక్కతీరుగా ఉండే నొప్పి, ఇప్పుడు లేచినప్పుడల్లా పచ్చిపుండును కొత్తగా కోస్తోంది. ఇదీ వీళ్లు కుంటివాడికి చేసిన ఉపకారం.

నరసింహమూర్తి ఉండబట్టలేక రాజారావు దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క మనిషినీ వదిలెయ్యమన్నాడు.

"అయితే స్టూలు తీయించెయ్యమంటావా?" అన్నాడు రాజారావు, చల్లగా. నరసింహమూర్తి వెనక్కి వచ్చేశాడు. ఆ రాత్రి గుడ్డ విప్పితే వాసన వచ్చింది. సోమమ్మ పసుపు నూరి తెచ్చింది. తండ్రి చేతిలో చెప్పులు గుర్తుకొచ్చి మొగులయ్యకు అన్నం సయించలేదు.

డెబ్బై రెండు ఎండాకాలంలో ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడన్నారు, అవిటివాళ్లకు కార్ఖానాలు ఏం చేస్తున్నాయో చూడ్డానికి. అంతే, స్టూలుకు పచ్చరంగు పడింది, పైన రెక్సిన్ మెత్త వచ్చింది. ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఢిల్లీ ఆయన వెంట ఆఫీసర్లంతా మిషను చుట్టూ గుమిగూడారు. వాళ్లను చూసి, అలవాటు చేసినట్టే, మొగులయ్య లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా, కూర్చో" అన్నాడు రాజారావు. ఏనాడూ లేని నాయన ఆ పూట పుట్టుకొచ్చాడు.

"సార్లందరు నిలవడ్డరు. నేనెట్ల కూసుంట? మర్యాద ఉండాలె గద."

"ఈ పూటకి ఫరవాలేదయ్యా."

"వద్దు సారు. మీరే నేర్పిన్రు."

ఏమంటున్నాడని ఢిల్లీ ఆయన హిందీలో అడిగాడు. పెద్దలంటే గౌరవం సార్, మీ ముందు కూర్చోనంటున్నాడు అని రాజారావు చటుక్కున అందించాడు. మొగులయ్యకు ఉర్దూ రాదా ఏం? ఆయన ముఖంలోకి చూసి, "హర్ బార్ ఉఠ్నా పడ్తా సాబ్. పావ్ కట్ జాతా" అన్నాడు. లేచినప్పుడల్లా కాలు కోసుకుపోతోందని అంత సూటిగా చెప్పాడు.

ఢిల్లీ ఆయన విన్నాడు. వినలేదని చెప్పడానికి లేదు. "అచ్ఛా, అచ్ఛా" అంటూ భుజం తట్టి, మెడలో దండవేసి, కెమెరా వైపు తిరిగి నవ్వాడు. ఛీ, ఆ నవ్వు. రాజారావు కంటే వాడే ఎక్కువ రోత పుట్టించాడు మొగులయ్యకు. చెబితే తెలుస్తుందని ఇన్నాళ్లూ ఒక ఆశ ఉండేది, అదీ పోయింది.

మర్నాడు రాజారావు గొంతు సవరించుకుంటూ వచ్చాడు. మొగులయ్య లేవలేదు. మళ్లీ సవరించుకున్నాడు.

"చెవులు బాగనే ఉన్నయి సారు. పోయింది కాలే" అన్నాడు మొగులయ్య, బెజ్జం వేస్తూనే.

మధ్యాహ్నానికి స్టూలు స్టోర్సుకు పోయింది. మొగులయ్యను గేటు మీద వేశారు, వచ్చే కారుకల్లా నిలబడి సలాము కొట్టే కొలువు. అసలు తీసిపారేసేవాళ్లే. కానీ ఫొటో అప్పటికే అద్దం కట్టించి గేటు దగ్గర తగిలించారు. ఫొటోలోని మనిషి ఏడీ అని ఎవరైనా అడిగితే?

నచ్చిన పని పోయింది. మిషను చప్పుడు వినబడితే ఇప్పటికీ చేతులు ఊరుకోవు. మొగులయ్య మాత్రం గేటు పక్కన గోనెసంచి పరిచి కూర్చున్నాడు. గేటు అడ్డకర్రను ఎత్తే తాడు చేతికి అందేటట్టు కట్టుకున్నాడు. కార్లు హారన్ కొట్టాయి. రాజారావు స్కూటరు కూడా కొట్టింది. తాడు లాగాడు, కర్ర లేచింది, మనిషి లేవలేదు. మెమోలిచ్చారు, తిట్టారు, విసిగిపోయి మానుకున్నారు. వానాకాలం వెళ్లేసరికి పుండు ఆరింది. మోకాలు దక్కింది.

ఒకసారి ఎవరో కారు దిగి గోడ మీది ఫొటో చూశారు. మెడలో దండతో నిలబడ్డ మనిషి, పక్కన ఖాళీగా పచ్చ స్టూలు. కింద చూస్తే అదే మనిషి గోనెసంచి మీద.

"ఆ ఫొటోలో ఉన్నది నువ్వేనా?"

"నేనే సారు" అన్నాడు మొగులయ్య, తాడు లాగుతూ. "గా దినం లేచి నిలవడ్డ. ఇగ లేవ."