చివరిదాకా చదివినాను

పర్వీన్ ఇచ్చిన పుస్తకం తెరవగానే ఉడికించిన మైదా జిగురు వాసన ముక్కుకు తగిలింది. పురుగు పట్టకుండా ఆ జిగురులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు. కొంచెం తీపిగా, వెనకాల కొంచెం చేదుగా ఉండే ఆ వాసన నాకు తగిలి ముప్పై ఏళ్ళ పైనే అయింది. ఈ రోజుల్లో ఎవరేం రాసినా జెరాక్సు కాగితాలకు ప్లాస్టిక్ చుట్ట గుచ్చి చేతికిస్తారు. రెండుసార్లు తిరగేస్తే పేజీలు ఊడి ఒళ్ళో పడతాయి. ఈ పిల్ల మాత్రం తను రాసిన నవలను దారంతో కుట్టి, అట్ట వేసి, అట్టకు గుడ్డ అంటించి తెచ్చింది. వాళ్ళ తాత ఖాదర్ సాయిబు సరిగ్గా ఇట్లాగే కుట్టేవాడు. చివర ఆయన అంటించినట్టే ఒక తెల్లకాగితం కూడా అంటించింది. ఆ కాగితమే నన్ను ఈ వారమంతా ఇబ్బంది పెట్టింది.

ముందు నా కోపం సంగతి చెప్పాలి. నాకు డెబ్బై ఆరేళ్ళు. ధర్మవరంలో యాభై ఏళ్ళు పట్టుచీరలు నేశాను. మోకాళ్ళు మొరాయించాక మగ్గం కొడుకుకు అప్పగించి, మగ్గం గుంత పక్కనే కుర్చీ వేసుకుని చదవడమే పనిగా పెట్టుకున్నాను. ఈ మూడు నెలల్లో పర్వీన్ తెచ్చిచ్చిన కొత్త నవలలు తొమ్మిది చదివాను. కొన్ని ప్రేమకథలు, కొన్ని మంత్రాల కథలు. ఒకదానిలో కంపెనీ యజమాని తన దగ్గర పనిచేసే అమ్మాయిని రోజూ కసురుతుంటాడు, ఫైళ్ళు మొహాన విసిరికొడతాడు. మూడు వందల పేజీలయ్యాక అదంతా ప్రేమేనట! మా వీధిలో ఏ షావుకారైనా అట్లా విసిరి ఉంటే పోగు విసిరే నాడె తీసి నెత్తిన ఒకటి వేసేవాళ్ళం. ఇంకొకదానిలో నేతపని చేసే అమ్మాయి ప్రియుడి చెల్లెలి పెళ్ళికని ఒక్క రాత్రిలో పట్టుచీర నేసి ఇస్తుంది. ఒక్క రాత్రి! కొత్త పడుగు పోగు పోగుకూ అతకడానికే మాకు ఒక దినం చాలదు. మరొక కథలో రాకుమారుడు నలభై రోజులు ఎడారిలో పోతాడు. ఒక్క పూటా నీళ్ళు తాగడు. వాడి కర్మ, పోనీ. గుర్రానికైనా తాగించాలా వద్దా? అనంతపురం జిల్లాలో పుట్టినవాడెవడూ అట్లాంటి ప్రయాణం రాయడు.

ఈ మంట ఆరకముందే పర్వీన్ తన నవల తెచ్చింది. ఆ పిల్ల రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేస్తుంది. కుట్లు సరిగా పడ్డాయో లేదో చూసి, పడనివి పక్కన పెట్టడం ఆమె ఉద్యోగం. అక్కడే గది తీసుకుని ఉంటూ ఆదివారాలు ఊరికి వస్తుంది.

"తాతా, ప్రెస్సువాళ్ళు వచ్చే సోమవారం లోపల ఇయ్యమన్నారు," అంది. "ఇయ్యాల్నో, పొయ్యిలో పెట్టాల్నో నువ్వే చెప్పాల."

"నేనెవర్నే చెప్పేకి? పేపర్లలో రాసే పెద్దోళ్ళు ఉండారు గదా."

"వాళ్ళు పేరు చూసి రాస్తారు. మా దాదా ఉంటే ఆ తెల్లకాగితం మీద ఆయన రాసేటోడు. ఆయన లేడు, నువ్వుండావు. రెండేండ్లు కూచుని రాసినా దీన్ని. బాగలేదంటే బాగలేదనే రాయి, మొగమాటం పడొద్దు. అట్లయితే ఇంక కలం ముట్టను. ప్యాంట్లు చూసుకుంటా ఉంటా."

కరువు పట్టిన దేశం, వానను పిలవగల అమ్మాయి, ఆమె వెంట తిరిగే ఒక గొర్రెల కాపరి. ఇదీ కథ. కాపరి నాకు నచ్చాడు. గొర్రెలకు మేత దొరకదని ప్రేమను కూడా వాయిదా వేసుకునే మనిషి. నూట ఎనభయ్యో పేజీలో ఆ అమ్మాయి కొండెక్కి చేయెత్తింది. వాన పడింది. చెరువులు నిండాయి, జనం చిందులేశారు. నేను పుస్తకం ఠప్పున మూసేశాను. మా నాయనకు ఐదెకరాల మెట్ట ఉండేది. మూడేళ్ళు వరసగా వేరుశనగ ఎండిపోతే భూమి వదిలేసి, నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించి, ధర్మవరం తెచ్చి మగ్గంలో కూర్చోబెట్టాడు. చేయెత్తితే వాన వచ్చేదైతే ఆ మనిషి రెండు చేతులూ దించి ఉండేవాడే కాదు.

అప్పటికి శుక్రవారం. ఇంకా నలభై పేజీలు మిగిలున్నాయి. చదవడం దేనికి, ఆ అమ్మాయికీ కాపరికీ పెళ్ళవుతుంది, జనం అక్షింతలు వేస్తారు, అంతే కదా అనుకుని కలం తీశాను. తెల్లకాగితం మీద చేయి తనంతట తాను 'చివ' అని రాసి ఆగిపోయింది. ఆ కాగితం మీద మొదట ఏం రాయాలో నాకు నేర్పినవాడు ఖాదర్ సాయిబు. ఆ మాట అబద్ధంగా రాసి ఒకసారి ఆయనకు దొరికిపోయాను.

సాయిబు అంగడి రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉండేది. ముందు భాగంలో బైండింగు పని, వెనక గోడ నిండా అద్దెకిచ్చే నవలలు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు మగ్గం మీద పెట్టే డిజైను అట్టలు కుట్టుకోవడానికి గట్టి దారం కావాలని అక్కడికి పోయాను. బక్కపలచని మనిషి, వేళ్ళ చివర్లు మైలుతుత్తంతో నీలంగా ఉన్నాయి. దారం ఇస్తూ అడిగాడు.

"చదువొచ్చునా?"

"ఐదో తరగతి."

"అయితే ఒత్తులు వస్తాయన్నమాట. చాలు, తీసుకపో," అని ఒక మంత్రాల నవల నా మీదికి విసిరాడు. "ఊరికే కాదు. చదివినాక వెనక కాగితం మీద రాయాల."

ఆయన అంగడిలో ప్రతి పుస్తకం చివరా ఒక తెల్లకాగితం ఉండేది. పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు ఎవరైనా సరే, అక్కడే నిలబడి దానిమీద మూడు సంగతులు రాయాలి. మొదట 'చివరిదాకా చదివినాను' అనే మాట. తర్వాత తమ అభిప్రాయం, ఒక్క వాక్యమైనా చాలు. చివర పేరు, చేసే పని. పని ఎందుకు సాయిబూ అంటే, "నాడె పట్టేవాడు చదివేది ఒకటి, స్టీరింగు పట్టేవాడు చదివేది ఇంకొకటి. ఎవరు చెప్తాండారో తెలియాల గదప్పా," అనేవాడు. ఉత్త 'బాగుంది' అని రాస్తే పుస్తకం వెనక్కి తీసుకునేవాడు కాదు. "బాగుంది అనే మాట మా ఇంట్లో కూరకు చెప్తా నేను. పుస్తకానికి ఇంకేమన్నా చెప్పు" అని కలం మళ్ళీ చేతిలో పెట్టేవాడు.

నాకు రాయడం వచ్చింది ఆ కాగితాల వల్లనే. టైలరు రాసింది, బస్సు కండక్టరు రాసింది, హోటల్లో దోసెలు పోసేవాడు రాసింది చదివి, వాళ్ళకంటే బాగా రాయాలని పంతం పట్టాను. నా మాటలు రోజురోజుకూ పదునెక్కాయి. మగ్గం నారాయణప్ప ఏం తిట్టాడో చూద్దామని పుస్తకాన్ని వెనక నుంచి తెరిచేవాళ్ళు తయారయ్యారు. అది నెత్తికెక్కింది. సాయిబుకు నా తిట్లు నచ్చేవి కావు.

"మాంత్రికుడు నిజమా అబద్ధమా అని కొట్లాడతావు నువ్వు. వానికి ఆకలయితాదా లేదా, అది చూడు. ఆకలయితే వాడు మనిషే, కథ నిలబడుతుంది," అన్నాడొకసారి.

"మరి ప్రేమకథకు?"

"ప్రేమించుకునేటోళ్ళు పొద్దన్నే లేసి ఏం పని చేస్తారో రాసినాడా లేదా? లేకపోతే ఉత్త గాలి."

ఆ రోజుల్లో ఒక ప్రేమ నవల కోసం అంగడి ముందు జనం వరస కట్టేవాళ్ళు. ఊటీలో డాక్టరు, ఆయన దగ్గర మందులిచ్చే అమ్మాయి. నా వంతు వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. సగం చదివేసరికి డాక్టరు మీద విసుగు పుట్టింది. ఎప్పుడు చూసినా కిటికీ దగ్గర నిలబడి మంచు చూస్తుంటాడు, ఒక్క రోగినీ చూడడు. మూసి, తీసుకుపోయి, వెనక కాగితం మీద గీకేశాను: 'చివరిదాకా చదివినాను. ఊహించినట్టే పెండ్లితో ముగిసింది. ఉత్త చెత్త. నారాయణప్ప, మగ్గం పని.'

మరునాడు దారం కోసం పోతే అంగడిలో నలుగురున్నారు. సాయిబు ఆ నవల చేతిలో పట్టుకుని నాకోసమే కూర్చున్నట్టున్నాడు.

"ఏమప్పా నారాయణా, పెండ్లి ఎట్ల జరిగె?"

"అందరి పెండ్లిళ్ళ మాదిరే జరిగె."

"అట్లనా. మరి ఈడ రాకాసి వచ్చి రాజకొడుకును కాళ్ళు పట్టుకుని ఎత్తుకపోయినాది గదా. ఆయప్పకు అక్షింతలు ఎవరు వేసిరి, రాకాసా?"

నలుగురూ విరగబడి నవ్వారు. నాకేమీ అర్థం కాలేదు. సాయిబు పుస్తకం తిప్పి చూపించాడు. నూట అరవయ్యో పేజీలో డాక్టరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ పక్క పేజీలో ఏడు తలల రాకాసి కొండ మీద నుంచి దూకుతోంది. రెండు పుస్తకాలూ చిరిగితే ఒకేరోజు విప్పి కుట్టాడట. కుట్టేటప్పుడు చివరి కట్టలు తారుమారయ్యాయి. ప్రేమకథ తోక మంత్రాల కథకు, దాని తోక దీనికి అతుక్కున్నాయి.

"తప్పు కుట్టింది నేను," అన్నాడు సాయిబు, ఈసారి నవ్వకుండా. "అబద్ధం రాసింది నువ్వు. నా తప్పు దారం విప్పితే పోతాది. నీదెట్ల పోతాదో చెప్పు."

అట్లా కుట్టాక నాకంటే ముందు పదకొండుమంది అదే కాగితం మీద సంతకం చేశారు. పదిమంది పెళ్ళి గురించే రాశారు. ఒకరిద్దరికి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయట. ఒక్క మనిషి మాత్రం, ఫాతిమాబీ అనే రవికెలు కుట్టే ఆమె, ఇట్లా రాసింది: 'చివరిదాకా చదివినాను. నడుమ పుస్తకం మారిపోయింది. అయినా ఆ డాక్టరు కన్నా రాకాసే నయం, కనీసం ఏదో ఒక పని చేస్తాది.' ఆమె తిరిగిచ్చినప్పుడు జనం తొక్కిడిలో చూడలేదట, నా రాత చదువుతూ పైనున్న ఆ వాక్యం కంటపడ్డాకే సాయిబుకు తన తప్పు తెలిసింది. అంతకంటే గొప్ప విమర్శ నేను ఇంతవరకూ చదవలేదు.

ఆ రెండు పుస్తకాలూ చదివి తెచ్చేదాకా నాకు ఇంకో పుస్తకం లేదన్నాడు సాయిబు. కోపంగానే చదివాను. మంత్రాల కథకు అతుక్కున్న తోకలో డాక్టరు, ఆ అమ్మాయి దొరికారు. వాళ్ళకు పెళ్ళి కాలేదు. నర్సు చదువుకు సీటు వచ్చిందని ఆమె రైలెక్కి పోతుంది. డాక్టరు మొదటిసారి కిటికీ వదిలి రోగుల దగ్గరికి పోతాడు. 'ఊహించినట్టే' అని రాసిన నా చేయి సిగ్గుతో చచ్చింది. ఆ మాట నేను మళ్ళీ ఎక్కడా రాయలేదు.

ఇంటింటికీ టీవీలు వచ్చాక అంగడి మూతపడింది. నవలలు తూకానికి పోయేముందు సాయిబు ఒక్కొక్క తెల్లకాగితాన్నీ ఊడదీసి ఇనప పెట్టెలో పెట్టుకున్నాడు. "పుస్తకాలు మళ్ళీ అచ్చయితాయి. ఫాతిమాబీ మళ్ళీ రాస్తాదా?" అన్నాడు. కళ్ళు మసకబారాక ఆ కాగితాలు మనవరాలి చేత చదివించుకునేవాడట. పర్వీన్‌కు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పెట్టెలోంచే.

శుక్రవారం 'చివ' దగ్గర ఆగిన కలాన్ని పక్కన పెట్టి, శనివారం పొద్దున మళ్ళీ ఆ పిల్ల నవల తీశాను. విసుక్కుంటూనే తీశాను. వాన పడ్డ మరునాడు ఆ అమ్మాయి ఇంటికి వస్తుంది. వాకిట్లో ఒక ఆమె కౌగిలించుకుంటే, ఎవరమ్మా నువ్వు అని అడుగుతుంది. ఆమె కన్నతల్లి. పిలిచిన ప్రతి వానా ఒక మనిషి మొహాన్ని మనసులోంచి కడిగేసి తీసుకుపోతుంది. జనం ఇంకొక వాన అడుగుతారు, ఇంకొకటి అడుగుతారు. ఆమె కాదనలేదు. చివరి వానకు కాపరిని కూడా మరిచిపోయి, ఆకలితో ఊళ్ళు తిరుగుతూ ఒక పుస్తకాల అంగడి ముందు ఆగుతుంది. లోపల నీలం వేళ్ళ ముసలాయన జిగురు కలుపుతుంటాడు. ఆయన ఆమె తాత. ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు. చెప్పడు. తన జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చి, ఒక పుస్తకం చేతిలో పెట్టి, చివరిదాకా చదివి రాయమ్మా అంటాడు.

నేను అద్దాలు తీసి తుడుచుకున్నాను. వెంటనే మళ్ళీ కోపం వచ్చింది. ఇంత సంగతిని నూట ఎనభై పేజీలు దాచిపెట్టడమేమిటి? నాలాంటివాడు మధ్యలో మూసి పొయ్యిలో పెట్టమని రాసేస్తే? రెండేళ్ళ కష్టం గదా!

ఆదివారం పర్వీన్ వచ్చి, నిలబడే వెనక కాగితం తిప్పింది. నేను రాసింది ఇది: 'చివరిదాకా చదివినాను. వాన అబద్ధం, వాన తీసుకపోయింది నిజం. ఆ పిల్లకు ఆకలయినాది, కథ నిలబడినాది. నూట ఎనభై పేజీలు నా చేత తిట్టించినావు, అది నీ తప్పు. ఆడ మూసేసినాను, అది నా తప్పు. ప్రెస్సుకు ఇయ్యి. తొంభయ్యో పేజీలో మగ్గం అంతా తప్పు రాసినావు, ఇచ్చేముందు దిద్దు. నారాయణప్ప, మగ్గం పని.'

చదివి, పుస్తకం చంకలో పెట్టుకుంది. తర్వాత అనుమానంగా చూసింది.

"నిజంగా చివరిదాకా చదివినావా తాతా? పెండ్లి ఎట్ల జరిగె?"

"ఏం పెండ్లి? ఆ కాపరోడు ఇంకా గొర్రెలు మేపుకుంటా ఉండాడు."

పకపకా నవ్వింది. "మా దాదా చెప్పినాడులే నీ రాకాసి కథ!"

ముసలాయన చచ్చిపోయి కూడా నన్ను వదల్లేదు. పర్వీన్ చున్నీ నడుముకు చుట్టుకుని, మగ్గం మీదున్న నా కొడుకును లేపి, మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది. తొంభయ్యో పేజీ ఎక్కడ తప్పో చూపించమంది. నాడె ఆమె చేతికిచ్చి చూపించాను. మొదటి విసురుకే పోగు తెంపింది.

ఏ పుస్తకాన్నైనా తిట్టే హక్కు ఇప్పటికీ నాది, అది ఎవరికీ వదలను. చివరి పేజీ దాటాకే తిట్టాలి, అంతే. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. చదివానని పైన రాసిన తొమ్మిది నవలల్లో రెండింటిని మధ్యలోనే విసిరేశాను. ఫైళ్ళు విసిరే యజమాని కథలో ఇంకా పదిహేను పేజీలు మిగిలున్నాయి. ఈ పూట దాన్ని మళ్ళీ తీయాలి. చివరికి ఆ అమ్మాయే ఫైలు తీసి వాడి మొహాన కొట్టిందేమో.