జపమాలలో నాన్న వాటా

జపమాల ఒక్కరు చెప్పేది కాదు. ఒకరు సగం చెప్పాలి, మిగతా సగం ఇంకొకరు అందుకోవాలి. మా ఇంట్లో ఈ పంపకం నేను పుట్టకముందే జరిగిపోయింది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలయ్యే సగం అమ్మది. "పరిశుద్ధ మరియమ్మా" దగ్గర్నించి ఆమెన్ దాకా నాన్నది. నేను నాన్న పక్షం. పక్షమంటే పేరుకే. ఆయన గొంతు లేచాక నేను నిజంగా చెప్పానో, ఊరికే నోరాడించానో ఆ తల్లికే తెలియాలి.

నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో పాట పాడేవాడు. సంగీతం అనుకునేరు, వేలంపాట. వరసగా పేర్చిన దిమ్మల మధ్య నడుస్తూ, ధర పెంచుకుంటూ పోవడం ఆయన పని. అవతలి వరసలో ఎవరు ఎంతకి పాడుతున్నా ఈయన గొంతు ముందు తేలిపోయేది. అదే గొంతుతో సాయంత్రం స్నానం చేసి వచ్చి పటం ముందు కూర్చునేవాడు. అమ్మ తన సగం ముగించకుండానే అందుకునేవాడు.

"కొంచెం నెమ్మదిగా సెప్పవయ్యా, మరియతల్లి ఏటి బెల్లం కొనడానికొచ్చిందా?" అని అమ్మ కసిరేది.

"నెమ్మదిగా సెప్తే సరుకు కదల్దే," అనేవాడు ఆయన.

మా వీధిలో కథోలికుల ఇళ్ళు తక్కువ. అయినా నాన్న జపమాల అందరిదీ. ఆ గొంతు వినబడగానే పక్కింటి పిన్ని పొయ్యి మీద ఎసరు పెట్టేది. గడియారం చూసుకోవాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

ఒక చలికాలం ఉదయం నాన్న మార్కెట్లోనే, పాట మధ్యలో పడిపోయాడు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడి చెయ్యీ కాలూ ఆయన మాట వినడం మానేశాయి. మాట అసలే లేదు. మనం చెప్పింది అర్థమయ్యేది, కళ్ళు చూస్తే తెలిసేది, కానీ నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. "మాట రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. అమ్మ అందులో మొదటి ముక్క మాత్రం పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రమే నాన్న మంచం పక్కన చాప వేసి జపమాల మొదలుపెట్టింది. తన సగం చెప్పి ఆగింది. సరే, ఇక నా వంతే కదా అని నేను "పరిశుద్ధ మరియ" అనేసరికి నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"అది మీ నాన్నది," అంది.

నాన్న చెప్పడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ అమ్మ ఆయన నోటి వంక చూస్తూ కూర్చుంది. తర్వాత తనే రెండో పూసకి వెళ్ళింది. మళ్ళీ సగం, మళ్ళీ ఆ మౌనం. జపమాల మొత్తం అలాగే నడిచింది.

ఒక రోజు, ఒక వారం అయితే నేనూ ఏమీ అనకపోదును. ఇది రోజూ. అప్పట్లో నేను అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేసేదాన్ని. కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నడుం విరిగిపోయేది, కడుపు కాలిపోయేది. వంటింట్లోంచి పప్పు పోపు వాసన వస్తుంటే ఇక్కడ ఈ మౌనాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. నాకు ఒళ్ళు మండేది. ఓ రోజు అనేశాను కూడా.

"ఆయన వంతు నేను చెప్తానమ్మా. ప్రార్థన ప్రార్థనే కదా, ఎవరు చెబితే ఏంటి?"

"నువ్వు సెప్పీసినావంటే ఇంకాయన ఎందుకు సెప్తాడే గుంటా? సోటు కాళీగా ఉంటేనే కదా వచ్చి కూకుంటాడు."

తర్కం బాగానే ఉంది. ఆకలి మాత్రం తగ్గలేదు.

బుధవారాలు గుడిలో జరిగే నొవేనా ప్రార్థనలో విన్నపాలు చెప్పుకోమన్నప్పుడు అమ్మ లేచేది. "మా ఆయనకి మాట రావాలని," అనేది. అంతే, ఒక్క ముక్క ఎక్కువ లేదు. "ప్రభువా, మా మొర ఆలకించండి" అని గుడంతా అనేది. వర్షాకాలం అయింది, చలికాలం అయింది, విన్నపం మారలేదు. రాంబిల్లి నుంచి చేపలు తెచ్చే ఆవిడ గంప దించుతూనే "మాటొచ్చిందేటమ్మా?" అని అడిగేది. "వత్తాది," అనేది అమ్మ. రేపు కరెంటు వస్తుందన్నంత మామూలుగా అనేది.

నెలనెలా నాన్నకి సత్ప్రసాదం ఇవ్వడానికి వచ్చే ఫాదరుగారు ఓసారి అమ్మని కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. దేవుడు మనం అడిగింది అడిగినట్టు ఇవ్వకపోవచ్చమ్మా, ఆయన చిత్తానికి వదిలెయ్యడం కూడా ప్రార్థనే అని. అమ్మ శ్రద్ధగా విని, చేతులు జోడించి, "అలాగే ఫాదరుగోరు" అంది. సాయంత్రం చాప వేసింది, సగం చెప్పింది, ఆగింది. గుమ్మం దగ్గర నిలబడి తల పట్టుకున్నాను.

అక్టోబరు వచ్చింది. జపమాల నెలలో మరియమాత స్వరూపాన్ని రోజుకొకరి ఇంటికి తీసుకెళ్ళడం మా విచారణలో, అంటే మా గుడి కిందికొచ్చే ఇళ్ళల్లో, అలవాటు. స్వరూపం వచ్చిన ఇంటికి చుట్టుపక్కల కథోలికులంతా వచ్చి జపమాల చెప్తారు. మా వంతు రోజున అమ్మ పొద్దుటినుంచే ఇల్లు కడిగింది. ఎప్పుడూ మెడ దాకా కప్పి ఉంచే దుప్పటి తీసేసి నాన్నకి కొత్త లుంగీ, ఇస్త్రీ చొక్కా వేసింది. జపమాల ఆయన ఎడమ చేతిలోనే ఉంది. అది చాలాకాలంగా అక్కడే ఉంటోంది, దుప్పటి కింద. దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

సాయంత్రం గది నిండిపోయింది. మంచం చుట్టూ, వసారాలో, మెట్ల మీద కూడా జనమే. అమ్మ మొదలుపెట్టింది. తన సగం అయ్యీకాకుండానే ముప్పై గొంతులు ఒక్కసారి అందుకున్నాయి. ఇంట్లో మళ్ళీ అంత గొంతు వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. జపమాల గబగబా పరుగెడుతోంది. హమ్మయ్య, ఈ పూట తొందరగా అన్నం తింటాం అనుకున్నాను.

అప్పుడు నాన్న ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొట్టడం మొదలుపెట్టాడు. మెల్లగా కాదు, ఇల్లు అదిరేలా. కళ్ళల్లో నీళ్ళు. జపమాల ఆగిపోయింది. ఎవరో నీళ్ళు తెమ్మన్నారు, ఎవరో ఫ్యాను పెంచమన్నారు, గాలి ఆడనివ్వండి అంటూ అడ్డంగా నిలబడ్డది ఇంకొకరు. నేను ఆటో కోసం ఫోను తీశాను.

అమ్మ కదల్లేదు. ఆవిడ ఈసారి నాన్న నోటి వంక చూడటం లేదు. చేతి వంక చూస్తోంది. ఆయన బొటనవేలి కింద పూస గట్టిగా నొక్కి ఉంది.

"ఉండండర్రా," అంది అమ్మ. "ఆయనింకా మొదటి పూస కాడే ఉన్నాడు. మనం వదిలీసి ఎలిపోయేం."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మ ఆయన దగ్గరికి జరిగి కూర్చుని, తన సగం మళ్ళీ చెప్పింది. ఆగింది. వచ్చినవాళ్ళకి చెయ్యి అడ్డం పెట్టింది, నాకు పెట్టినట్టే. అందరం చూస్తున్నాం. చాలాసేపటికి నాన్న బొటనవేలు లేచింది, పూస వెనక్కి జారింది, వేలు పక్క పూస మీద దిగింది. అమ్మ రెండోది మొదలుపెట్టింది. మళ్ళీ అంతే. పాట పాడి పాడి అలవాటైన మనిషి, ఒక్క పూస దగ్గర కూడా తొందరపడలేదు. మెట్ల మీద వాళ్ళకి ఏమీ కనబడకపోయినా కూర్చునే ఉన్నారు. వచ్చినవాళ్ళకని పెట్టిన టీ చల్లారిపోయింది.

ఇన్నాళ్ళూ ఆ మౌనంలో మేం నాన్న కోసం ఎదురుచూస్తున్నామనుకున్నాం. ఆయనేమో చెబుతూనే ఉన్నాడు.

ఆ బుధవారం నొవేనాలో విన్నపాల దగ్గర అమ్మ లేవలేదు. లేస్తుందని అందరూ ఆగారు కూడా. బయటికొచ్చాక అడిగాను, ఏమ్మా, అడగడం మానేశావేం అని.

"ఉన్నదాన్ని మళ్ళీ అడుగుతారేటి?" అంది, చెప్పులు వేసుకుంటూ.

తర్వాత మూడేళ్ళు నాన్న బతికాడు. ఆ సాయంత్రాల కోసం ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటుంది. బస్సు దిగి పరుగున వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాప మీద అమ్మ పక్కన చేరేదాన్ని. అమ్మ సగం అయ్యాక వచ్చే ఆ నిశ్శబ్దంలో పక్కింటి పిన్ని గిన్నెల చప్పుడు, దూరంగా స్టేషనులో రైలు కూత, నాన్న ఊపిరి వినబడేవి. వేలు కదిలేదాకా ఎవరికీ ఎక్కడికీ తొందర లేదు. నా జీవితంలో అంత తీరిక మళ్ళీ నాకు దొరకలేదు.

ఆఖరి వేసవిలో నాన్నకి జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. ఫాదరుగారు వచ్చి, చివరి ఘడియల్లో నూనె రాసి ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చి వెళ్ళారు. ఆ సాయంత్రం కూడా అమ్మ చాప వేసింది. ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. నాన్న వేలు మామూలు కంటే నెమ్మదిగా నడుస్తోంది, అమ్మ ఆగుతోంది, మళ్ళీ చెబుతోంది.

ఒక పూస దగ్గర అమ్మ తన సగం చెప్పి ఆగింది. వేలు కదల్లేదు. అమ్మ చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ ఆగేదానికంటే చాలా ఎక్కువసేపే అయింది. నాకు తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు. ఆ చోటు నాది కాదని అప్పటికి నాకు బాగా తెలుసు.

అమ్మ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలు మెల్లగా ఎత్తి, కింద ఉన్న పూసని తనే జరిపింది. ఇన్నేళ్ళూ ఎవ్వర్నీ ముట్టుకోనివ్వని ఆ సగాన్ని, ఎక్కడా తొందరపడకుండా, తనే చెప్పింది.

"పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని యొక్క మాతా, పాపాత్ములమై ఉండెడు మా కొరకు, ఇప్పుడును, మా మరణ సమయమందును ప్రార్థించండి."

ఆమెన్ మాత్రం నన్ను చెప్పనిచ్చింది.