ఠండా తార్ మీద ఉతికిన బట్టలు

డెబ్బైల మొదట్లో అండమాన్ విద్యుత్ శాఖవారు నన్ను బాంబూఫ్లాట్ సెక్షన్‌కి జూనియర్ ఇంజనీరుగా వేశారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఫెర్రీలో దాటి వెళ్లాలి. సెక్షన్ అంటే ఒక గది, ఒక బల్ల, ఒక ఫిర్యాదుల రిజిస్టరు, తిర్కీ అనే లైన్‌మన్. వీటిలో పనిచేసేది తిర్కీ ఒక్కడే. రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తెలుగు బాగా అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తాడు.

వానలు దిగడానికి కొన్నాళ్ల ముందు ఒక అర్జీ వచ్చింది. రాసినవారు దేవసహాయం గారు. మెరైన్ వర్క్‌షాపులో వడ్రంగిగా చేసి రిటైరైన మనిషి, అక్కడి తెలుగు చర్చిలో సంఘపెద్ద. ‘నా పెరటి తోటలోని షెడ్డునందు బల్బు నీరసముగా వెలుగుచున్నది. దయతో వోల్టేజి పెంచగలరు’ అని వ్రాశారు. రిజిస్టర్లన్నీ తిరగేశాను. ఆ షెడ్డుకి కరెంటు ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఇవ్వని కరెంటు తక్కువగా వస్తోందని ఫిర్యాదు అందుకోవడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

ఇంటికి విడిగా ఉన్న షెడ్డుకి కరెంటు తీసుకెళ్లడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. యజమాని అర్జీ పెట్టాలి. లైసెన్సున్న వైర్‌మన్ ఇంటి మెయిన్ బోర్డులో విడి ఫ్యూజు కట్టి, అక్కణ్ణుంచి కేబులు లాగాలి. షెడ్డులో విడిగా స్విచ్చి, విడిగా ఎర్త్ ఉండాలి. అతను టెస్ట్ రిపోర్టు ఇచ్చాక జూనియర్ ఇంజనీరు వెళ్లి మెగ్గర్‌తో, అంటే వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందా లేదా చెప్పే పెట్టెతో, పరీక్ష చేయాలి. ఆ తరవాతే బల్బు వెలగాలి. దేవసహాయం గారు ఈ వరసలో చివరి మెట్టు నుంచి మొదలుపెట్టారు.

శనివారం పొద్దున్న తిర్కీతో వెళ్లాను. పెద్దాయన ఆదరంగా తోటంతా తిప్పి చూపించారు. పోక చెట్ల అవతల రేకుల షెడ్డు. అందులో పారలు, రంపాలు, చర్చి కోసం చేస్తున్న బెంచి. వరండాలోని రెండు పిన్నుల ప్లగ్గు నుంచి ఒక ప్లాస్టిక్ వైరు బయల్దేరి పోక చెట్ల మీదుగా షెడ్డుకి వెళ్లింది. ఒకే ఒక్క వైరు. కరెంటు వెళ్లడానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, మొత్తం రెండు కావాలి. రెండోది కోసం చెట్లూ గోడలూ వెతికాను. కనబడలేదు.

“రెండో వైరేదండీ?” అన్నాను.

“అదుగోనండీ” అని ఆయన బట్టల దండెం చూపించారు.

వరండా స్తంభం నుంచి షెడ్డు గుంజ దాకా కట్టిన ఇనప తీగ. సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంది. ప్లగ్గులో రెండో పిన్ను నుంచి చిన్న ముక్క వచ్చి దాని మొదటికి చుట్టుకుంది. అవతలి కొస నుంచి ఇంకో ముక్క షెడ్డులోకి పోయింది. బల్బు నీరసానికి కారణం ఆ తుప్పే.

“ఒకటి గరమ్ తార్, ఒకటి ఠండా తార్ గదండీ. ఠండాకి ప్లాస్టిక్కు తొడుగెందుకు, దండగ. దండెం ఎలాగూ ఉంది.”

ఇలాంటి తెలివి ఎవరిచ్చారని కాస్త గట్టిగానే అడిగాను.

“తమరేనండీ” అన్నారాయన, నా జ్ఞాపకశక్తికి జాలిపడుతూ. “చర్చి హాల్లో ఉపన్యాసం ఇవ్వలేదూ? ఠండా తార్ ముట్టుకున్నా ఏటీ సెయ్యదు అన్నారు. నేను ముందు వరసలో కూర్చుని రాసుకున్నానండీ.”

అన్న మాట నిజం. ఆ ఏడాది మొదట్లో విద్యుత్తు భద్రత గురించి మాట్లాడమంటే వెళ్లి, కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి పట్టుకెళ్లే న్యూట్రల్ అంటే జనానికి ఎక్కదని, దీవుల్లో అందరికీ తెలిసిన హిందీలో మొదటిది గరమ్, అంటే వేడి తీగ, రెండోది ఠండా, చల్లటి తీగ అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు.

మా రెండు పిన్నుల ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. తిరగేసి పెడితే ఠండా గరమ్ అవుతుంది. ఈ సంగతి చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. అదీ చూసుకున్నారట. ప్లగ్గు మీద ఎర్ర పెయింటు చుక్క పెట్టారట. చుక్క పైకి ఉంటే దండెం ఠండా.

నేను జేబులోంచి టెస్టరు తీసి దండెం తీగకి ఆనించాను. టెస్టరంటే పిడిలో బుల్లి దీపం ఉన్న స్క్రూడ్రైవరు. తీగలో కరెంటుంటే దీపం వెలుగుతుంది. వెలిగింది.

అప్పటికే దేవసహాయం గారి భార్య ధనమ్మ గారు వట్టికాళ్లతో తడినేల మీద నిలబడి, బకెట్లోంచి తడి దుప్పటి తీసి దండెం మీదికి విసరబోతున్నారు.

“అమ్మా, ఆగండి!” అని అరిచాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది. తిర్కీ అరుపులతో కాలక్షేపం చేయలేదు. వరండాలోకి ఒక్క గెంతు గెంతి ప్లగ్గు పీకేశాడు.

“ఏటి నాయనా, బట్టలారేసుకోనివ్వవా?” అన్నారావిడ.

ప్లగ్గు తెచ్చి చూశాం. దాని మీద ఎర్ర చుక్క ఏ వైపూ లేదు.

“ఆ పెయింటు మరకా? అసహ్యంగా ఉందని మొన్నే పీచెట్టి తోమేసినాను” అన్నారు ధనమ్మ గారు. రేపు చర్చికి వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ చేయడానికి పొద్దున్నే ఆ ప్లగ్గు తీసి, పని అయ్యాక మళ్లీ పెట్టారు. మొన్న తోమి పెట్టినప్పుడు గానీ ఇవాళ గానీ ఎటు తిరిగి ఉందో చూడలేదు. చూడాలని ఆవిడకెవరూ చెప్పలేదు.

“దీదీ, ఛూతీ తో ఖతమ్” అన్నాడు తిర్కీ. ముట్టుకుని ఉంటే అంతేనని.

అప్పుడావిడ బకెట్ కింద పెట్టారు. “నిన్న దండెం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమన్నాది. సెప్పులేసుకున్నాను గాబట్టి సరిపోయింది. ఈయన్నడిగితే వాతమన్నాడు.” భర్త వైపు తిరిగారు. “నీ బెంచీకి దీపం కావాలని నన్ను దండెం మీద ఆరేద్దామనుకున్నావేటయ్యా?”

అంతటితో విషయం తేలిందనుకున్నాను. తేలలేదు. “చుక్క ఉన్నన్నాళ్లూ ఏం కాలేదు గదండీ, మళ్లీ పెయింటేస్తాను” అన్నారు పెద్దాయన. ప్లగ్గు సరిగ్గా ఉన్నా, తుప్పు తీగ మధ్యలో తెగితే బల్బులోంచి వచ్చిన కరెంటు షెడ్డు వైపు ముక్కలో నిలబడి ఉంటుందని నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, అయితే లావు తీగ కడతానన్నారు. ఆ షెడ్డు అన్నాళ్లూ ఆయన పేరులోని మొదటి సగం మీదే నడిచిందని నాకు అర్థమైంది. ఇంటికే కరెంటు తీసేయడానికి నాకు అధికారం ఉందని మర్యాదగా మనవి చేశాను. తిర్కీ ఈలోగా మర్యాదల కోసం ఆగకుండా కటింగ్ ప్లయరుతో వైరు కత్తిరించాడు.

పద్ధతి ప్రకారం పని పూర్తి కావడానికి ఇంకో మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి కేబులు కోసం తీసిన కందకంలో ఆయన కంద నాటేశారు. రెండోసారి ఎర్త్ గొయ్యిలో పోయాల్సిన బొగ్గూ ఉప్పూ దగ్గర పేచీ. సముద్రం ఇంత దగ్గరుండగా మళ్లీ ఉప్పెందుకని వాదించారు. మూడోసారి మెగ్గర్ చూపించిన అంకె బాగుంది. షెడ్డులో స్విచ్చి వేస్తే బల్బు తెల్లగా వెలిగింది. ధనమ్మ గారు లోపలికొచ్చి చూసి, కొబ్బరి తాడు కట్టిన కొత్త దండెం దగ్గరికి బట్టలు ఆరేయడానికి వెళ్లిపోయారు.

ఆ తరవాత సర్వీసంతా ఉపన్యాసాల్లో ఠండా తార్ అనే మాట వాడలేదు. రెండు తీగలూ చంపుతాయనే చెప్పాను. సాంకేతికంగా అది పూర్తి నిజం కాదని పై అధికారి ఒకాయన సరిదిద్దారు. నేను మార్చుకోలేదు. జనానికి సులువుగా అర్థం కావాలని మనం వాడే మాటను మనకన్నా శ్రద్ధగా పట్టించుకునేవాడు ముందు వరసలో ఒకడు ఉంటాడు. దాంతో అతను ఏం కడతాడో ఆలోచించుకుని మరీ మాట్లాడాలి. చదువులో నాకు ఎవరూ నేర్పని పాఠం ఇదొక్కటే కాదు గానీ, ఒక ప్రాణం పోయే దగ్గరదాకా వెళ్లి నేర్చుకున్నది మాత్రం ఇదొక్కటే.