ఎరుపు ముట్టని ఎండాకాలం

కొత్త చేనేత చీరను మొదటిసారి నీళ్లలో వేసేటప్పుడు ఇప్పటికీ నాకు భయమేస్తుంది. మొన్న చేనేత ప్రదర్శనలో ఒక ఎర్రంచు చీర కొన్నాను. నిన్న పొద్దున బకెట్లో గుప్పెడు కల్లుప్పు కరిగించి, దాన్ని నీళ్లలోకి దింపగానే గంజి వాసన గుప్పుమని లేచింది. ఆ వెనకాలే కొత్త నూలు పచ్చి వాసన, దాని వెనక అద్దకపు రంగు వాసన. పీట లాక్కుని బకెట్ ముందు కూర్చుండిపోయాను. రంగు దిగుతుందేమో, దిగితే ఎంత దిగుతుందోనని నీళ్ల వంకే చూస్తున్నాను. ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని, ఎప్పుడో రిటైరైన పంతులమ్మను, చీర రంగు పోతే నాకు పోయేదేముంది? కానీ నా భయం చీర గురించి కాదు. నేను మెట్రిక్ రాసిన ఏడాది పట్టుకున్న భయం అది, ఇన్నేళ్లయినా పూర్తిగా వదల్లేదు.

మా ఊరు నల్లగొండకు దగ్గరే, పానగల్ దాటి ఇంకాస్త నడిస్తే వస్తుంది. ఎండాకాలం వచ్చిందంటే మా సాలెవాడ తెల్లవారకముందే లేచేది, ఎందుకంటే పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలకు, గంజి పెట్టాలంటే ఎండ ముదరకముందే, గాలి లేవకముందే పెట్టుకోవాలి. వీధి పొడవునా గుంజలు పాతి దారాల పడుగును సాగదీస్తే, దానికి అటూ ఇటూ నిలబడి మనుషులు కుంచెలతో దువ్వుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాళ్లు. పడుగు ఎవరిదైనా వాడంతా వచ్చి ఓ చెయ్యి వేయాల్సిందే, దానికి పిలుపులూ పేరంటాలూ ఉండేవి కావు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, పొయ్యిల మీద కాగుతున్న రంగుల వాసన కలిసి మా వాడకు ఒక వాసన ఉండేది, పానగల్ గుడి దగ్గరి నుంచి ఇంటిమొహం పట్టిన నాకు ఊరు కంటికి ఆనకముందే ముక్కుకు ఆనేది. పిల్లలం పడుగు కింద నుంచి దూరి అవతలికి పోయే ఆట ఆడేవాళ్లం, నెత్తి తగిలి దారం తెగిందంటే మాత్రం ఎవరి చేతి కుంచె అయినా సరే వీపు మీద పడేది. ఎండెక్కాక అంబలి, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు, మధ్యాహ్నం అరుగుల మీద చింతగింజలతో అష్టాచెమ్మ, పొద్దు వాలాక ఎవరో ఒకరు తాటివనం నుంచి తెచ్చిన లేత ముంజలు. మా అవ్వ, అంటే మేం బాపు అని పిలిచే నాన్నను కన్నతల్లి, రాట్నం ముందు కూర్చుందంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. నూలును చిన్న గొట్టాలకు ఎక్కించి కండెలు చుడుతూ ఆకూవక్క నమిలేది, నములుతూనే మా అమ్మకు పనులు పురమాయించేది, మధ్యలో దారిన పోయేవాళ్లను ఆపి ఆ పూట వాళ్లింట్లో ఏం కూరో కనుక్కునేది.

మా వాడ పిల్లల చేతులు ఏనాడూ చేతుల రంగులో ఉండేవి కావు. ఒకరివి నీలం, ఒకరివి నలుపు, మా ఇంట్లో ఎక్కువగా ఎరుపు. చింతపండుతో రుద్దినా, బూడిదతో తోమినా గోళ్ల సందుల్లో మిగిలిపోయేది. నల్లగొండ బడిలో చేరిన కొత్తలో ఒక సారు నా చేతులు చూసి, ఎవరిని పొడిచి వచ్చినవే అని అడిగితే క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వాడలో మెట్రిక్ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆ నవ్వు నొచ్చిందని చెప్పుకోవడానికి నాకు తోడెవరూ లేరు.

నన్ను ఏడో తరగతితోనే మాన్పించమని మా పెద్దబాపు ఎంత చెప్పినా బాపు వినలేదు. తన అన్న మాట తీసేయలేక, నా చదువు ఆపలేక, పదో తరగతిలోకి వచ్చాక ఇద్దరికీ కలిపి ఒక మాట చెప్పాడు.

"ఒక్కపాలి రాస్తది. పాసైతే పంతులమ్మ ట్రైనింగుకు పోతది. లేకుంటే మగ్గం కాడ కూసుంటది. ఇగ దాని మీద మల్ల మాట లేదు."

తప్పిన మగపిల్లలు రెండోసారీ మూడోసారీ రాసేవాళ్లు, వాళ్లనెవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నాకు మాత్రం ఒక్కపాలి. మగ్గం అంటే నాకు అయిష్టమని కాదు, దాని చప్పుడు వింటూ పెరిగినదాన్ని. కానీ ఒకసారి మా బడికి పట్నం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. నల్లగొడుగు చంకలో పెట్టుకుని, ఎవరి వెనకా నడవకుండా, వరండాలో తన పాటికి తాను నడిచిపోతుంటే చూశాను. ఆ రోజు నుంచి నాకు ఆ గొడుగు కావాలి, ఆ నడక కావాలి. అంతకన్నా పెద్ద ఆశ నాకు తెలియదు.

మొదటి పరీక్షనాడు అవ్వ నా కలానికి కుంకుమబొట్టు పెట్టి పంపింది. హాల్లో కాపలా ఉన్న సారు అది చూసి తుడిపించి, అందరికీ వినబడేలా హెచ్చరించాడు.

"పేపర్ మీద బొట్టు గిట, దేవుని పేరు గిట, ఏ గుర్తు కనవడ్డా కావాలని పెట్టిండ్రని కొట్టేస్తరు. మల్ల నన్నడగొద్దు."

లెక్కల పరీక్ష రోజున అమ్మకు జ్వరం. అవ్వ మోకాళ్లు లేవనిచ్చేవి కావు. బాపు తెల్లవారుజామునే ఎర్రరంగు కుండ పొయ్యి మీద పెట్టాడు, పెండ్లిళ్ల కాలం కదా, ఎర్రచీరలకు బట్ట కొనే షావుకారు తొందర పెడుతున్నాడు. రంగులో మునిగిన నూలుకట్టను వేళకు తీసి పిండకపోతే మచ్చలు మచ్చలుగా పట్టుకుంటుంది, పిండాలంటే రెండు చివర్లా ఇద్దరుండాలి, ఒకరు కుడికి, ఒకరు ఎడమకు మెలిపెట్టాలి. నేను జడ వేసుకుని గడప దాటుతున్నాను. బాపు వాకిట్లో ఆవిర్లు చిమ్ముతున్న కట్టతో ఒక్కడే నిలబడి నావైపు చూశాడు.

"జర గీ కొస పట్టు బిడ్డా. ఒక్క రెండు మెలికలే."

పట్టాను. పట్టనని ఎలా అంటాను? తర్వాత కుంకుడు నురగతో, బూడిదతో, ఇటుకపొడితో చర్మం మండేదాకా కడుక్కున్నాను. పోయిందనుకున్నాను. నల్లగొండ దాకా ఎండలో నడిచి, రేకుల కప్పు కింద కూర్చుని మొదటి లెక్క మొదలుపెట్టాక అరచేతులు చెమట పట్టాయి. కాగితం అంచున లేత ఎరుపులో నా బొటనవేలు పడింది. తుడవబోతే పక్కన ఇంకో వేలు పడింది. వోణీ కొంగుకు చేతులు తుడుచుకుంటూ, మణికట్టు మీద ఆనుకుని, వేళ్లు గాలిలో పెట్టుకుని రాశాను. అయినా ప్రతి పుటకూ ఎక్కడో ఒకచోట నా గుర్తు పడనే పడింది. వచ్చిన లెక్కలు కూడా ఆ తత్తరపాటులో రెండోసారి చేయాల్సి వచ్చింది. కాగితాలు తీసుకునేటప్పుడు సారు వాటిని చూశాడు, నా చేతులు చూశాడు, ఏదో అనబోయి అనకుండా పక్క బెంచీకి వెళ్లిపోయాడు. ఆ అనని మాట ఏమిటా అని నేను ఆ ఎండాకాలమంతా కుమిలిపోయాను.

ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆ కొస పట్టమన్నది తానే కదా అని బాపు మనసు విరిగిపోతుందని భయం. ఎట్లా రాసినవని ఎవరు అడిగినా బాగానే రాశాననేదాన్ని, అని లోపలికిపోయి చేతులు కడుక్కునేదాన్ని. అమ్మ కలిపిన మామిడికాయ తొక్కు ఎరుపు చూసినా, అవ్వ ఉమ్మిన తాంబూలం చూసినా మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. నా పేపర్‌ను ఎవరో కళ్లద్దాల మనిషి పక్కకు తీసి, అడ్డంగా ఒక గీత గీసి, ఇంకోదాన్ని అందుకుంటున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు.

అదే రోజుల్లో బాపు ఎర్రరంగు కుండను బోర్లించి అటకెక్కించాడు. మగ్గం మీద నలుపూ తెలుపూ గళ్లబట్ట తప్ప ఇంకేదీ దిగేది కాదు. వాడంతా ఎర్రచీరలు నేసుకుంటుంటే మా వాకిట్లో దండెం మీద నల్లకట్టలు వేలాడేవి. షావుకారు ఒకరోజు అరుగు మీద కూర్చుని పోట్లాటకే దిగాడు.

"పెండ్లిళ్ల కాలంల ఎర్రచీర నేయనన్న సాలాయనను నిన్నే చూస్తున్న. ఏమైందయ్యా నీకు?"

బాపు మగ్గంలో పేక దారపు నాడె అటూ ఇటూ విసురుతూ, "మనసొప్పుతలేదు" అన్నాడు, అంతే. వాడవాళ్లు వెనక నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను వెళ్లిపోతే కండెలకూ అతుకులకూ చెయ్యి తక్కువవుతుందని ఇప్పటినుంచే పని తగ్గించుకుంటున్నాడనుకున్నాను. లేకపోతే నేను పాసవుతానన్న నమ్మకం పోయి, మగ్గం మీదే మనసు విరిగిందనుకున్నాను. రెండింటిలో ఏది నిజమైనా నాకు నిద్ర పట్టే మాట కాదు. ఆయన నన్ను అడగలేదు, నేను ఆయనను అడగలేదు, ఇద్దరం ఒక కంచం పక్కన ఇంకో కంచం పెట్టుకుని అన్నం తిని లేచేవాళ్లం.

ఫలితాలు పేపర్లో వస్తాయని ముందురోజే కబురు తెలిసింది. బాపు నేసిన బట్ట మూట నెత్తిన పెట్టుకుని, నా నంబరు రాసిన చీటీ రుమాల్లో కట్టుకుని, పొద్దున్నే నల్లగొండ పోయాడు. నన్ను రావద్దన్నాడు. నేను అవ్వ పక్కన కూర్చుని కండెలు చుడుతున్నానే గాని దారం తెగినప్పుడల్లా అతకడానికి వేళ్లు కుదిరేవి కావు. అవ్వ నా చేతిలోంచి కండె లాక్కుని, "పో, పోయి దారి సూడు, నూలు కరాబు జేయకు" అని కసిరింది.

ఎండ నడినెత్తి మీదుండగా బాపు వచ్చాడు. మొహంలో ఏమీ లేదు. అలిసిపోయిన మనిషి మొహం అంతే. చేతిలో కాగితపు పొట్లం ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, నావైపు చూడకుండా, "అటక మీది కుండ దించుండ్రి" అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. అమ్మ పొట్లం విప్పింది. లోపల ఎర్రరంగు. చూసీ చూడగానే అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. తప్పాను, అయిపోయింది, మళ్లీ రంగుకుండే నా గతి అనుకున్నాను.

"అమ్మా, నా నంబరు లేదా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది, నేను అనుకున్నది కాదన్నట్టు నా చెయ్యి పట్టుకుంది.

"లేకుంటే గీ రంగెందుకు తెస్తడే. లెక్కల పరీచ్చ తెల్లారి, జరం తగ్గినంక, నీ వోణీ కొంగు పిండుతుంటె ఎర్రగ దిగింది. అన్ని వేళ్ల గుర్తులు కనవడ్డయి. అడిగితే ఇంకింత బుగులు పడతవని అడగలే. మీ బాపుకు జూపిన. నా చేతులతోని బిడ్డ పరీచ్చ కరాబు జేసిన అని ఆనాడు బువ్వ ముట్టలే. నువ్వు పాసైతెనే మల్ల ఎరుపు ముడతనని ఆలంపూర్ అమ్మవారికి మొక్కిండు."

బాపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"బడి సారుతోని పేపరు సదివించిన. నమ్మకం కుదరక రెండోపాలి సదివించిన. నీ నంబరుంది బిడ్డా."

నేను వెళ్లి ఆయన నడుము పట్టుకుని ఏడ్చాను. నాకు అంత దగ్గరగా అంత భయం ఇంకొకరు పడుతున్నారని తెలియకపోవడమే నా ఏడుపంతా. చెప్పుకుని ఉంటే సగం సగం పంచుకునేవాళ్లం. చెప్పుకోక ఇద్దరం మొత్తం మోశాం.

ఆ సాయంత్రమే కుండ పొయ్యెక్కింది. అవ్వ అరుగు చివరి దాకా జరిగి కూర్చుని దారిన పోయే వాళ్లందరినీ ఆపి మెట్రిక్ పాసైన మనవరాలి సంగతి చెప్పింది, ఆ రోజు ఎవరి ఇంటి కూరా అడగలేదు. బాపు నూలుకట్టను రంగులో ముంచి పైకి తీశాడు. నేను అలవాటుగా వెళ్లి రెండో కొస అందుకోబోయాను. ఆయన కట్టను వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టకు. గా చేతులతోని ఇగ బలపం వట్టాలె."

అమ్మ వచ్చి ఆ కొస పట్టుకుంది. వాళ్లిద్దరూ చెరో వైపు మెలిపెడుతుంటే ఎర్రనీళ్లు వాకిట్లో కాలువ కట్టి నా కాళ్ల దాకా వచ్చాయి. నేను గడప మీద ఒట్టి చేతులతో నిలబడ్డాను. కోరుకున్నది దొరికింది. సంతోషంగానే ఉంది, కానీ మా ఇంటి పనిలో నాకు చోటు లేకపోవడం అదే మొదటిసారి, దాని బాధ కూడా అంతే ఉంది. ట్రైనింగులో ఎట్లా నెగ్గుకొస్తానో, ఆ హాస్టల్లో ఎవరుంటారో, అని కొత్త దిగులు అప్పుడే మొదలైంది.

దసరాకు ఇంటికి వచ్చినప్పుడు బాపు నా అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. గోళ్ల సందుల్లో కూడా ఎరుపు లేదు. తెల్లగైనయని మాత్రం అన్నాడు, ఆ మాట మెచ్చుకోలో మరేమిటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. తర్వాత గొడుగూ కొన్నాను, ఎవరి వెనకా నడవకుండా ముప్పై ఏళ్లకు పైగా బళ్లకు నడిచాను.

ఇప్పుడు ఆ వీధికి సిమెంటు వేశారు, గుంజ పాతే జాగా లేదు. పడుగుకు గంజి ఎక్కడో పెట్టి తెస్తారట, ఉన్న ఒకటి రెండు మగ్గాలకు. మా రాట్నం ఏ పొయ్యిలోకి పోయిందో తెలియదు. బస్సు దిగి కళ్లు మూసుకుంటే మా ఊరు వచ్చిందని చెప్పే వాసన ఏదీ లేదు.

బకెట్లో నీళ్లు గంజితో కాస్త తెల్లబడ్డాయి తప్ప ఎరుపు చుక్క దిగలేదు. రంగుకు గ్యారంటీ అని అమ్మినతను చెప్పింది నిజమే, సంతోషించాల్సిందే. పిండడానికి రెండో మనిషి లేక, చీర ఒక కొస నల్లా గొట్టానికి చుట్టి, ఇంకో కొస నేను మెలిపెట్టాను. దండెం మీద ఆరేసి వచ్చి చేతులు తుడుచుకున్నాను. తువ్వాలు తెల్లగానే ఉంది.