పిడికెడు బియ్యం నన్ను మళ్లీ బడికి పంపింది

సహోదరులారా, బోథ్ దగ్గరి మా పల్లె బడిలో ఐదు తరగతులకు ఒకే గది, ఒకే పంతులు, ఆ పంతుల్ని నేనే, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతివాళ్లు కొట్టుకునేవాళ్లు, వాళ్లను సర్దేలోపు చిన్నవాళ్లు వాగు వైపు పరుగెత్తేవాళ్లు, అది చాలదన్నట్టు ఓటర్ల జాబితాలు కూడా నా నెత్తినే! తొమ్మిదేళ్లలో మొదట విసుగు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది, చివరికి ఏదీ రావడం మానేసింది. పొద్దున చొక్కాకు సగం గుండీలు పెట్టుకుని మంచం మీదే కూర్చుండిపోయేవాణ్ణి. ఎవరైనా అడిగితే మాత్రం ప్రభువు కృపవల్ల బాగున్నానని అబద్ధం చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఎక్కం తప్పు చెప్పిందని రూతు అనే పాపను బెత్తంతో చెయ్యి వాచేలా కొట్టాను. పాప వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకు జాలి కలగలేదు. అదే నన్ను భయపెట్టింది. ఆ సాయంత్రం రాజీనామా రాశాను, నా భార్య దాన్ని లాక్కుని పాస్టరు గారి దగ్గరికి పరుగెత్తింది.

మన సంఘం మొదట నాకు దయ్యం పట్టిందనుకుని మూడు రోజులు ఉపవాసం పెట్టింది. అసలే అలసిపోయిన మనిషిని ఆకలితో మాడ్చారు, పాపం, ప్రేమతోనే! నాలుగో రోజు పాస్టరు గారు, ఇది మనసుకు వచ్చిన జబ్బు, హైదరాబాదులో మనసు డాక్టరుకు చూపించాలన్నారు. నెలల తరబడి జీతం లేని సెలవు, మందులు, ప్రయాణాలు, మా వల్ల ఎక్కడవుతుంది?

మన స్త్రీలు ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం తెస్తారు కదా, అవి అమ్మిన డబ్బు గుడి గంట కోసం దాచి ఉంది. దాచింది రాజమ్మ, నేను కొట్టిన రూతుకు నాయనమ్మ! ఆ ఆదివారం ఆరాధనలో నేను వెనక వరుసలో తల దించుకుని కూర్చుంటే ఆమె లేచి ఇలా ప్రార్థించింది:

"ప్రభువా, గీ సారు నా మనుమరాలిని కొట్టిండు, నా కోపం ఇంకా పోలే. గని తొమ్మిదేండ్ల సంది మా పోరగాండ్లందరినీ ఒక్కడే మోస్తుండు, సారూ పానం మంచిగున్నదా అని మేం ఒక్కనాడు అడగలే. మమ్ముల మన్నించు తండ్రీ. గంట తర్వాత కొనుక్కుంటం, గీ పైసలు సారు మందులకు పోనీ. ఆయన మనసు బాగుచెయ్యి, బెత్తం మాత్రం మళ్ల పట్టనియ్యకు!"

సంఘమంతా ఆమేన్ అంది. ఏడాదిగా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

ఒక్క పూటలో స్వస్థపడ్డానంటే అబద్ధమవుతుంది. ఆ డాక్టరు ఇది పిచ్చి కాదన్నారు, నిద్రకు మందులిచ్చారు, వెళ్లిన ప్రతిసారీ ఓపికగా నా మాటలు విన్నారు, ఇక్కడ మీరు నాకోసం మోకాళ్లపై ప్రార్థిస్తూ ఉన్నారు, నాలుగు నెలలకు నాకు మళ్లీ ఆకలి వేసింది, నవ్వు వచ్చింది! బడికి వెళ్లి అందరి ముందు రూతును క్షమాపణ అడిగాను. "ఇగ కొట్టరు గదా సారూ?" అంది. కొట్టనమ్మా అన్నాను, ఈ రోజు వరకూ కొట్టలేదు, దేవునికే మహిమ!

ఇప్పుడు మన స్త్రీలు పంతుళ్ల కోసమే వేరే బియ్యం కుండ పెట్టారు. మందు మింగితే విశ్వాసం లేనట్టేనని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను. రేపు బడికి వెళ్లాలంటే గుండె దడదడలాడే పంతులు, పంతులమ్మ ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆరాధన కాగానే రాజమ్మ ఇంటికి వెళ్లండి. ఆమె కారణం అడగదు, ముందు అన్నం పెడుతుంది. ప్రభువు నన్ను పట్టుకున్నది ఆమె చేతితోనే, మిమ్మల్నీ వదలడు.