మూడో గేరు నిలబెట్టిన ఉస్తాద్

కోరుట్ల ఉస్తాద్ పోయాడని మొన్న జగిత్యాల బస్టాండులో ఒక పాత డ్రైవరు చెప్పాడు. నేను మాట్లాడటం మొదటి నుంచీ తక్కువే. కానీ ఆయన గురించి నలుగురికీ తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ఆయన బండ్లు బాగుచేసే మేస్త్రీ. గొల్లపల్లి, బుగ్గారం నుంచి కూడా ట్రాక్టర్లు ఆయన కోసం వచ్చేవి. షెడ్డుకు వచ్చిన బండిని వెంటనే విప్పేవాడు కాదు. చాయ్ గ్లాసు బానెట్ మీద పెట్టి, చాయ్ ఎలా వణుకుతుందో చూసేవాడు. తర్వాత చెప్పులు విడిచి డ్రైవరు పక్కన కూర్చునేవాడు. అదురు ఎక్కడ పుడుతుందో ఆయన అరికాళ్లకు తెలిసేది. "ఆపితె బీమారి దాక్కుంటది. నడుపు, చూద్దాం," అనేవాడు.

అప్పట్లో నేను సిరిసిల్ల నుంచి కోరుట్లకు బట్టల బేళ్లు తోలేవాణ్ని. వ్యాను మా సేటుది. ఎత్తు ఎక్కేటప్పుడు బండంతా అదిరి, మూడో గేరు దానంతటదే జారిపోయేది. జారకుండా గేరు రాడ్డును సైకిల్ ట్యూబుతో డ్యాష్‌బోర్డుకు లాగి కట్టేవాణ్ని. సేటు అది చూశాడు. వయసు మీద పడి నా చేతిలో పట్టు పోయిందని, ఇక దిగిపొమ్మని అన్నాడు. నాకు ఇంకో పని రాదు. వాదించే నోరూ లేదు. ఒక్కసారి ఉస్తాద్‌కు చూపిద్దామని మాత్రం బతిమాలాను.

ట్యూబు చూసి ఉస్తాద్ నవ్వాడు. "ఏందే తమ్మీ, గేరుకు తలుగు కట్టినవ్? బర్రెనా?"

"బండి మంచిగనే ఉన్నది ఉస్తాద్. గీయిన చెయ్యే పనిజేస్తలేదు," అన్నాడు సేటు.

ఉస్తాద్ నన్నే అడిగాడు. "గేరు ఎప్పుడు దూకుతది?"

"లోడుతోని ఎత్తు ఎక్కంగ."

"ఖాళీగ ఎక్కితె?"

"దూకది."

"మరి లోడుకొక చెయ్యి, ఖాళీకొక చెయ్యి పెట్టుకొని తిరుగుతున్నవా?"

షెడ్డులో అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు.

లోడుతో ఉన్న బండిని ఊరి బయటి ఎత్తు దాకా నాతో తిప్పించుకొని వచ్చాక, ఉస్తాద్ బానెట్ ఎత్తి సేటును పక్కన నిలబెట్టుకున్నాడు. నన్ను బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్చి కొద్దిగా వదలమన్నాడు. ఇంజను ఒక పక్కకు లేచిపడింది. గేరుబాక్సును మోసే రబ్బరు దిమ్మ చిరిగిపోయి ఉంది. బరువు లాగినప్పుడల్లా బాక్సు ఒరిగి, బండి అదిరి, గేరు జారుతోంది.

"చూసినవా సేటూ? గీ చెయ్యి పట్టుకోబట్టే నీ బండి గిన్ని దినాలు నడిచింది. గసొంటి డ్రైవర్‌ను దించుతవా?"

నా గురించి నలుగురిలో అంత మాట అన్న మనిషి ఆయనొక్కడే. ఆయన నాకు తెలుసని చెప్పుకోవడం ఇప్పటికీ నాకు గొప్పే.

కొత్త దిమ్మ పడ్డాక సేటు తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. ఉస్తాద్ మళ్లీ నా పక్కన ఎక్కాడు. అదే లోడు, అదే ఎత్తు. మూడో గేరు వేశాను. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. పైకి చేరాక, ఎలా ఉందని అడగబోయి తల తిప్పాను. కిటికీ అద్దానికి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, ఉస్తాద్ నిద్రపోతున్నాడు.